చోటు చూపించే మావయ్య

మొన్న ఫాల్గుణంలో ఒకనాటి పొద్దున కొత్తపేట రేవులో అంతర్వేది నుంచి వచ్చిన ఎండుచేపల పడవ ఆగింది. మా కొబ్బరికాయలు ఎక్కించాల్సిన పడవ కోసం చూస్తూ నేను గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆ పడవ సరంగు నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చాడు. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, "తమరికో కబురుందండి. రేవు తాతగారు పోయేరండి. తమరి ఊరోళ్ళెవరైనా కనిపిత్తే చెప్పమన్నారండి, ఆళ్ళ మేనకోడలు," అన్నాడు.

రేవు తాత ఎవరో నాకు వెంటనే తట్టలేదు. అంతర్వేది, మేనకోడలు అన్నాక ఎవరో తెలిసింది; అక్కడ ఆయన్ని అలా పిలుస్తారట. మా ఊళ్ళో ఆయన అందరికీ మావయ్య. వరసైనవాళ్ళకీ మావయ్యే, కానివాళ్ళకీ మావయ్యే. ముసలివాళ్ళు కూడా నవ్వులాటకి మొదలుపెట్టి, చివరకు అలాగే అలవాటు పడిపోయారు. సొంత పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఇప్పుడు నేను పిలవడం కూడా బాగుండదు.

కాయలు ఎక్కించే పని మా పాలేరుకి అప్పజెప్పి, ఆ ఎండుచేపల పడవలోనే నేనూ బయలుదేరాను. చుక్కాని దగ్గర కూర్చుంటే దారి పొడుగునా ఆయనే కళ్ళముందు మెదిలాడు.

మావయ్యది పడవ పని. ఏళ్ళ తరబడి పడవ తోసే గెడ వేసి వేసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. దూరం నుంచి చూస్తే ఎవరి మాటో వినడానికి ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించేవాడు. ఒంటి నిండా గుగ్గిలం వాసన. చెవి మీద ఎప్పుడూ ఒక చుట్ట ఉండేది గాని, కుస్తీ జరిగే రోజున మాత్రం దాన్ని ముట్టించేవాడు కాదు. పొగ అడ్డం వస్తే వెనకవాడికి కనపడదని ఆయన బాధ.

కుస్తీ అన్నాను. మా ఊళ్ళో ఆ రోజుల్లో కుస్తీ నేర్పే తాలింఖానా ఒకటి ఉండేది. ఒక తాటాకు పాక, దాని ముందు గోదా. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు మా కాలవల్లోకి ఇంకా రాలేదు. ఊరంతా ఒక పంట మీద బతికేది. అయినా మాఘమాసం వచ్చిందంటే రాజోలు నుంచి, అమలాపురం నుంచి, ఉప్పలగుప్తం అవతల ఉప్పుమళ్ళ నుంచి జనం నడిచి వచ్చేవారు. నేను ఆ తాలింఖానా పిల్లవాడిగా మొదలై, ఇరవై దాటేసరికి దాని పేరు మోసేవాడినయ్యాను.

గోదాలో పోసే ఎర్రమట్టి మెట్ట ప్రాంతం నుంచి రావాలి. అది మావయ్య పడవలో వచ్చేది. రేవు నుంచి గోదా దాకా ఊళ్ళోవాళ్ళు తట్టలతో మోసేవారు. నూనె గానుగవాళ్ళు ఇచ్చేవారు. పసుపు ఆడవాళ్ళు దంచి పంపేవారు. మట్టిని పిసికి, జల్లించి, మెత్తబరిచేసరికి సగం ఊరి చేతులు అందులో పడేవి. ఒక ఏడు గోదావరి పొంగి గోదా అంతా ఒండ్రుతో పూడిపోతే, అది మొత్తం తీసి మళ్ళీ మొదటినుంచి చేశారు. చూడడానికి వచ్చేవాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోవడం ఉండేది కాదు. పుచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం మావయ్య పని. ఎవరూ ఆయనకు అప్పజెప్పలేదు. ఏదో ఒక ఏడు మొదలుపెట్టాడు, అంతే. గెడకర్రతో గోదా చుట్టూ ఇసకలో గీతలు గీసేవాడు. పొట్టివాళ్ళని ముందుకీ, పొడుగువాళ్ళని వెనక్కీ పంపేవాడు. తాటాకు గొడుగులు కింద పెట్టించేవాడు. ఉప్పుమళ్ళ నుంచి నడిచి వచ్చినవాళ్ళని ఊరివాళ్ళకంటే ముందు కూర్చోబెట్టేవాడు. ఊరివాళ్ళు సణిగితే, ఆళ్ళ కాళ్ళు చూడండి, మీ కాళ్ళు చూసుకోండి అనేవాడు. అంతకుమించి ఇంకో మాట ఉండేది కాదు.

ఊరికి ఎడంగా ఉండే పేటవాళ్ళు అందరితో కలిసి కూర్చోకూడదు, ఆనాటి కట్టుబాటు అది. వాళ్ళు ఏటిగట్టు మీద విడిగా నిలబడేవారు. దాన్ని మార్చడం మావయ్య వల్ల కాలేదు. మార్చాలని ఆయన ఎప్పుడైనా అనుకున్నాడో లేదో నాకు తెలియదు. కాని గట్టుకీ గోదాకీ మధ్య మాత్రం ఒక్క మనిషినీ, ఒక్క బండినీ నిలవనిచ్చేవాడు కాదు. ఆ వైపు గీత గీయకుండా అంతా ఖాళీగా వదిలేసేవాడు. గట్టు మీద నుంచి చూస్తే గోదా అరచేతిలో ఉన్నట్టు కనిపించేదని పేటవాళ్ళు చెప్పుకునేవారు.

ఆ గట్టు మీదే పోలయ్య డప్పు పట్టుకుని నిలబడేవాడు. నాకంటే కొద్దిగా చిన్నవాడు. మేము గోదాలోకి దిగేముందు మట్టి తీసి నెత్తిన రాసుకునేవరకు మెల్లగా వాయించి, చేతులు కలిపేసరికి ఒక్కసారి జోరు పెంచేవాడు. ఆ జోరు వింటే నా పిక్కల్లోకి రక్తం దూకేది. వాడి పెళ్ళికి తాలింఖానా తరఫున మేమంతా బియ్యం పోగుచేసి ఇచ్చాం. మావయ్యే పడవలో వాడి అత్తవారి ఊరు తీసుకెళ్ళి, పెళ్ళికూతురితో సహా తిరిగి తీసుకొచ్చాడు.

నేను అందరికీ తెలిసేలా ఓడిపోయిన ఏడు ఒకటి ఉంది. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక బలిష్ఠుడు నన్ను లేవనెత్తి వెల్లకిలా పడేశాడు. నేను కళ్ళు తెరిచేసరికి చుట్టూ ఉన్నవాళ్ళలో ముప్పాతికమంది లేచి వెళ్ళిపోతున్నారు. మావయ్య గోదాలోకి దిగి, నా వీపు మీద మట్టి దులిపాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. కాని ఎవరెవరు ఉండిపోయారో ఒకసారి తలతిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత నుంచి ఎంత పెద్దమనిషి వచ్చి ముందు వరస అడిగినా మావయ్య ఒకటే అడిగేవాడు.

"మనోడు పడ్డనాడు తమరెక్కడున్నారండి?"

కోపంగా అడిగేవాడు కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు, ఒరిగిన భుజంతో ఇంకాస్త ఒరిగి అడిగేవాడు. ఒకసారి మా కరణంగారి బావమరిది పల్లకీ దిగి వచ్చి ఆ ప్రశ్న విని తెల్లబోయాడు. ఆ రోజు అతను వెనక వరసలో కూర్చుని చూశాడు. మరుసటి ఏడు నేను ఇంకోసారి ఓడినప్పుడు మాత్రం ఆఖరిదాకా ఉన్నాడు. ఆపైన వచ్చిన ఏడు మావయ్య తనంతట తానే ఎదురెళ్ళి అతన్ని ముందు కూర్చోబెట్టాడు.

తర్వాత కాలవల్లోకి నీళ్ళు వచ్చాయి. రెండో పంట వచ్చింది. కొబ్బరికాయలు పడవల్లో దూరదేశాలకు వెళ్ళడం మొదలైంది. అమలాపురంలో కొత్త వర్తకులు బయలుదేరారు. వాళ్ళకి చూడడానికి ఏదైనా కావాలి. అదే రోజుల్లో నేను వరసగా గెలవడం మొదలుపెట్టాను. ఉత్తరాది సంస్థానం నుంచి పేరుమోసిన ఒక వస్తాదు మా గోదాలో నాతో కుస్తీకి ఒప్పుకున్నాడన్న కబురు వచ్చేసరికి కోనసీమంతా అదే మాట.

తాలింఖానా బాగోగులు చూసే పెద్దను మేము పెత్తందారుగారు అనేవాళ్ళం. చెడ్డమనిషి కాదు. నాకు పాలకీ నేతికీ లోటు రాకుండా చూసినవాడు ఆయనే. ఆయన ఊరి పెద్దల్ని పిలిచి ఒక ఏర్పాటు చెప్పాడు. వస్తాదు బృందానికి తిండి, బస, కానుకలు కావాలి. పాక కప్పు కురుస్తోంది. అంచేత గోదా చుట్టూ కొబ్బరాకుల దడి కట్టించి, ముద్ర కొట్టిన తాటాకు చీటీలు అమ్ముదాం, చీటీ ఉన్నవాళ్ళే లోపలికి అన్నాడు. అందరూ బాగుందన్నారు.

మావయ్య కూడా కాదనలేదు. ఆయన ఎదురు తిరిగాడని తర్వాత ఎందరో చెప్పారు గాని అది అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. ఆయన చేతులు కట్టుకుని ఒక మూల నుంచి మాట్లాడాడు.

"అమ్మండి, కాదన్ను. ముందు మట్టి మోసినోళ్ళకి ఇచ్చేయండి. ఆళ్ళు ఇచ్చుకోగలిగింది ఇచ్చుకుంటారు. మిగిలింది ఎంతకైనా అమ్ముకోండి. పోలయ్యనీ డప్పోళ్ళనీ మాత్రం ఊరికే నిలబడనియ్యండి."

పెత్తందారుగారు అలాగే అన్నాడు. అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడని నా నమ్మకం. కాని చీటీలు తయారైన రోజునే అమలాపురం వర్తకులు మనుషుల్ని పంపి కట్టలు కట్టలుగా పట్టుకుపోయారు. వాళ్ళు తమకు అక్కరలేనివి కొత్తపేట సంతలో మూడింతలకీ నాలుగింతలకీ అమ్మించారు. ఆ సంగతి తెలిసి మా ఊరివాళ్ళు దాచుకున్నది కొంగున కట్టుకుని పెత్తందారుగారి వాకిట్లోకి వెళ్ళేసరికి చీటీలు లేవు. ఉప్పుమళ్ళవాళ్ళు వచ్చేసరికి అసలే లేవు. ఇంకా అడిగేవాళ్ళు ఉన్నారని తెలిసి, కొత్తగా కొన్ని చీటీలు కొట్టించారు. వాటికి చోటు లేదు కాబట్టి గట్టుకీ గోదాకీ మధ్య కొబ్బరిదుంగల మీద వెదుళ్ళు పరిచి ఎత్తైన మంచె కట్టించారు. డప్పులు అక్కరలేదనీ, రాజమహేంద్రవరం నుంచి మేళం వస్తుందనీ చెప్పారు.

నేను మావయ్యను వెతుక్కుంటూ రేవుకి వెళ్ళాను. పడవ బోర్లించి సందుల్లో గుగ్గిలం పెడుతున్నాడు. నేను గోదాలోకి దిగనని చెప్పాను. మనవాళ్ళు లేకుండా ఎవరి కోసం దిగాలని అడిగాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"నువ్వు మానేత్తే, కుర్రోడు భయపడి మానేసేడంటారు. తప్పు నీదయిపోద్ది, ఆళ్ళది మరుగున పడిపోద్ది. దిగు అల్లుడూ. మేవు బయట నుంచే ఇంటాం."

ఆ మధ్యాహ్నమే పెత్తందారుగారి మనిషి వచ్చి మావయ్యకి ఒక చీటీ ఇచ్చాడు. గోదా అంచున, అందరికంటే ముందు చోటు. ఇన్నాళ్ళు చేసిన సేవకి గౌరవంగా పంపామని చెప్పమన్నారట. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కండువాలో ముడివేసుకున్నాడు. అది ఎవరికి ఇవ్వబోతున్నాడో నాకప్పుడు తెలియదు.

కుస్తీ రోజున నేను పాకలోంచి బయటకు వచ్చి చుట్టూ చూస్తే తెలిసిన ముఖం ఒకటో రెండో. ముందు వరసలో జరీకండువాలు, అత్తరు వాసన. తమలపాకులు నములుతూ ఎవరు గెలుస్తారని పందాలు కాసుకుంటున్నారు. మంచె మీద మనుషులు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నంత ఇరుకుగా ఉన్నారు. కాళ్ళు వేలాడేసుకున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, ఇంకా పైకి ఎక్కుతున్నవాళ్ళు. గట్టు కనిపించలేదు. మంచె దాన్ని పూర్తిగా మూసేసింది.

దడి బయట పెద్ద గుంపు ఉందని వాళ్ళ సందడి వల్ల తెలుస్తోంది. దడి పీకేద్దామని ఎవరో అన్నారట. మావయ్య వాకిలికి అడ్డంగా నిలబడి, లోపల పిల్లలున్నారు, తోసుకుంటే నలిగిపోతారు, వద్దని చేతులు పట్టుకుని ఆపాడట. ఇది నేను చూడలేదు. అక్కడ ఉన్న చాలామంది చెప్పారు.

వస్తాదు నాకంటే తలెత్తు పొడుగు. మట్టి నెత్తిన రాసుకుని చేతులు కలిపాం. మేళంవాళ్ళు ఏదో వాయించారు గాని నా ఒంటికి ఎక్కలేదు. అతను నా మెడమీద చెయ్యి వేసి నొక్కుతుంటే కాళ్ళు మట్టిలోకి దిగిపోతున్నాయి. ముందు వరసవాళ్ళు అతని పేరు మొదలుపెట్టారు. నేను ఒక పట్టు విడిపించుకుంటే నా పేరు అందుకున్నారు. మళ్ళీ అతను లాగితే అతని పేరు. ఎవరిది పైచేయి అయితే వాళ్ళవైపు.

అప్పుడు ఎక్కడి నుంచో డప్పు వినిపించింది.

మెల్లగా, అణిచిపెట్టినట్టు, మంచె కింద నుంచి. పోలయ్య చేతిని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. జోరు పెరిగింది. నేను ఒంగి, అతని తొడకింద చెయ్యి పోనిచ్చి, భుజంతో లేపాను. అతని ఒక కాలు నేల విడిచింది. ఇంకొక్క ఊపిరి అయితే పడిపోయేవాడే. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మంచె మీదివాళ్ళూ ఒక్కసారిగా లేచి ముందుకు వంగారు.

వెదుళ్ళు విరిగిన చప్పుడు ముందు వచ్చింది. తర్వాత దుంగలు. డప్పు ఆగిపోయింది.

నేను వస్తాదును వదిలేశాను. అతనూ నన్ను వదిలేశాడు. ఇద్దరం ఒకేసారి గోదా దాటి పరుగెత్తాం. మంచె మీద నుంచి పడ్డవాళ్ళు దెబ్బలు తగిలి మూలుగుతూ లేస్తున్నారు. కింద మనిషి ఉన్నాడని అప్పటికి ఎవరికీ తెలియదు, నాకు తప్ప. అన్నిటికంటే పెద్ద దుంగ ఒక చివర వస్తాదు పట్టుకున్నాడు, ఇంకో చివర నేను. ఎత్తుతుంటే నా మోకాలిలో ఏదో తెగినట్టయింది. పక్కకు దొర్లించాక కింద పోలయ్య కనిపించాడు. డప్పు రొమ్ముకి హత్తుకుని ఉన్నాడు. ముఖం మీద ఒక్క గీత కూడా లేదు.

మావయ్య అప్పటికే వచ్చేశాడు. పోలయ్యను చేతుల మీద ఎత్తుకున్నాడు. అంటూ ముట్టూ అని గొణిగిన ఒకరిద్దరి వైపు ఆయన చూడను కూడా లేదు. తిన్నగా కాలవ దగ్గరకు నడిచి, పడవలో పడుకోబెట్టాడు. నేను కుంటుతూ ఎక్కి వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అమలాపురంలో విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు ఉన్నాడు. మావయ్య గెడ అందుకున్నాడు. ఆ మనిషి అంత వేగంగా పడవ నడపడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పోలయ్యకు తెలివి ఉంది. నొప్పి లేదన్నాడు. దానికే నాకు భయం వేసింది. కొంతసేపటికి కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"ఎవరు గెలిచేరండి?"

కుస్తీ తేలలేదు. ఎవరూ పడలేదు. మావయ్య అటువైపు తిరిగి గెడ వేస్తూనే ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు.

"మనోడేరా. మనోడే గెలిచేడు. నీ డప్పు ఇన్నాకే లేపి కొట్టేడు."

పోలయ్య నా వైపు చూసి నవ్వాడు. నేను తల ఊపాను. అమలాపురం కొబ్బరితోటలు కనిపించేసరికి వాడు లేడు. నాకు తెలిసింది గాని నేను చెప్పలేదు. మావయ్యకీ తెలిసే ఉంటుంది. అయినా గెడ ఆపలేదు. రేవు వచ్చేదాకా అదే వేగంతో నడిపాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు. పెత్తందారుగారు పంపిన చీటీ ఆయన పోలయ్యకి ఇచ్చాడు. పోలయ్య అది పట్టుకుని వాకిలి దగ్గరకు వెళితే, గోదా అంచున కూర్చోవడానికి నువ్వా అని అక్కడివాళ్ళు వెనక్కి తోసేశారు. చీటీ కూడా లాక్కున్నారు. వాడు సిగ్గుపడి, గట్టు మీదికి తిరిగి వెళ్ళలేక, ఆ గొడవలో ఎవరూ చూడకుండా మంచె కిందికి దూరి, వెదుళ్ళ సందులోంచి చూస్తూ నిలబడ్డాడు. మావయ్య ఇదంతా నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు.

"నేను ఆ చీటీ ఇవ్వకపోతే ఆడు గట్టు మీదే ఉండేవోడు. కనపడకపోయినా ఉండేవోడు."

మీ తప్పేముందని నేను అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. ఆయన వినిపించుకోలేదు.

తర్వాత పంచాయితీ పెట్టారు. దెబ్బలు తిన్న వర్తకులు గట్టివాళ్ళు, ఎవరిమీదో ఒకరిమీద తప్పు పడాలి. చోటుకు మించి చీటీలు అమ్మిన సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తాను. పెత్తందారుగారు తలదించుకున్నాడు గాని పక్కనున్నవాళ్ళు నా మాట నడవనివ్వలేదు. బయటి గుంపును మావయ్యే రెచ్చగొట్టాడనీ, తనకిచ్చిన చీటీ ఇవ్వకూడనివాడికి ఇచ్చాడనీ అన్నారు. నీ జవాబేమిటని అడిగారు. మావయ్య లేచి నిలబడ్డాడు. పోలయ్య పెళ్ళాం కడుపుతో ఉంది, చీటీల మీద వచ్చినదాంట్లో ఆమెకి కొంత ఇప్పించండి అన్నాడు. తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

వాళ్ళు ఇచ్చింది కొద్దిపాటి ధాన్యం. ఉత్తరాది వస్తాదు మాత్రం వెళ్ళేముందు పేటకు స్వయంగా నడిచి వెళ్ళి, తన చేతి వెండికడియం తీసి ఆమె గుమ్మంలో పెట్టి నమస్కారం చేశాడు. అతని భాష ఆమెకు అర్థం కాలేదు, ఆమె ఏడుపు అతనికి అర్థమైంది.

ఆ నెల తిరగకుండానే మావయ్య ఊరు విడిచాడు. భార్య అంతకుముందే పోయింది, పిల్లలు లేరు. అంతర్వేదిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడని తెలిసింది. నా మోకాలు మళ్ళీ గోదాకు పనికి రాలేదు. మరుసటి ఏడు కూడా చీటీలు వేశారట. కొనేవాళ్ళు రాలేదు. వర్తకులకు అప్పటికి ఇంకో వేడుక దొరికింది. మట్టి తెచ్చే పడవ లేదు, మోసేవాళ్ళు లేరు. రెండు వర్షాలకు పాక కూలిపోయింది.

నేను ఆయన్ని మళ్ళీ ఒకే ఒక్కసారి చూశాను, అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు. ఏరు దాటించే రేవులో ఉన్నాడు. జుట్టంతా నెరిసింది, భుజం ఇంకా కిందికి దిగింది. నన్ను చూసి సంతోషించాడు. మోకాలు తడిమి చూశాడు. పోలయ్య కొడుకు ఎంతవాడయ్యాడని అడిగాడు. ఏటేటా పడవల మీద ఆ ఇంటికి ఎండుచేపలు పంపిస్తున్నది ఆయనేనని నాకు అంతకుముందే తెలుసు.

మా ఊరి కుర్రవాళ్ళు మళ్ళీ గోదా తవ్వుతున్నారని చెప్పాను. చీటీలు లేవు, దడి లేదు, మంచె లేదు. మీరు వచ్చి ఎప్పటిలాగా చోటు చూపిస్తే చాలన్నాను. నేను ఆ మాట కోసమే తీర్థానికి వెళ్ళాను.

ఆయన ఏటి మధ్యలో ఒక పడవ తిరుగుతుంటే దాన్నే చూశాడు.

"ఎవర్ని ఎక్కడ ఉంచాలో నాకు తెలుసనుకునేవోణ్ణి అల్లుడూ," అన్నాడు. "నాకు తెలీదు."

పోటు వస్తోంది, త్వరగా ఎక్కమని నన్ను పడవలో కూర్చోబెట్టి తీర్థం వైపు దాటించాడు. దిగాక వెనక్కి తిరిగి చూస్తే అప్పటికే జనాన్ని ఎక్కించుకుంటున్నాడు.

ఎండుచేపల పడవ అంతర్వేది చేరేసరికి అంతా అయిపోయింది. ఏటి ఒడ్డున బూడిద కూడా లేదు, కెరటాలు తీసుకుపోయాయి. అడిగితే ఇల్లు చూపించారు. తాటాకు ఇల్లు, వాకిట్లో ఆరేసిన వలలు. మేనకోడలికి ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె చిన్నతనంలోనే మావయ్య ఆ ఇంటికి వచ్చాడు కాబట్టి ఆయన చేతుల మీదే పెరిగిందట. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ళకి నీళ్ళిచ్చి, ఏ ఊరని అడిగింది. చెప్పాను.

ఆ ఊళ్ళో ఆయన ఏం చేసేవారని ఆమె అడిగింది. నేను కుస్తీల సంగతి ఎత్తాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను ఇంకెవరి కోసమో వచ్చానేమోనని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

"మా మావయ్యకి కుస్తీలంటే గిట్టదండి. ఇక్కడ తీర్థంలో కుస్తీలాడితే ఆ పూట పడవేసుకుని ఏట్లోకి ఎల్లిపోయేవోరు. డప్పు ఇనపడనంత దూరం పోయి, సీకటి పడ్డాకే వచ్చేవోరండి. ఎందుకని అడిగితే సెప్పేవోరు కాదు."

లోపల నుంచి ఆమె భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పక్కింటి ముసలమ్మ వల అల్లుతున్నది ఆపి మా వైపు తిరిగింది. ఇన్నేళ్ళు ఆయనతో ఒకే గంజి తాగినవాళ్ళు వాళ్ళు. ఆయన గుండెలో ఏమున్నదో వాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళలో నేను ఒక్కడినే మిగిలాను.

"ఎవరండి ఆయన?" అంది మేనకోడలు. "మీకు తెలిసిన ఆయన ఎలా ఉండేవోరు?"

కుస్తీ రోజున చుట్ట ముట్టించేవారు కాదని మొదలుపెట్టి, అంతకంటే ముందు గోదా సంగతి చెప్పాలని ఆగాను. ఆమె లోపలికి వెళ్ళి, చల్ల తెచ్చి ఇచ్చి, తొందరేమీ లేదండి అంటూ నాకెదురుగా నేల మీద కూర్చుంది.